నాలుగు గోడల నడుమ గెలిచిన వనిత

స్త్రీ నాలుగు గోడల నడుమ నుండవలసినదే యని పెద్దలు పలుకుట మన మందరము వినియున్నాము. ఆ మాటను పెద్దలు తలపని యర్థమున నిజము చేసిన యొక వనిత కలదు. ఆమె బాల్యమునుండి నాలుగు గోడల నడుమనే నిలిచి, యచ్చటనే చెమటోడ్చి, యచ్చటనే దేశదేశముల వారిని గెలిచి, తన దేశమునకు స్వర్ణపతకములు దెచ్చెను. ఆమె దీపికా పల్లికల్. ఆమె యాడు నాట స్క్వాష్. ఈ మాసమున మా సోదరీమణులకు ఆమె చరిత్రము దెలుపనెంచితిమి.

మన యూళ్లలో నీ యాటను జూచినవా రరుదు. కావున ముందుగా దాని తీరు చెప్పుట యవసరము. ఇంగ్లండు దేశమందలి హారో పాఠశాల విద్యార్థులు పందొమ్మిదవ శతాబ్దమున దీనిని బుట్టించిరి. దొరల సైన్యములతోను క్లబ్బులతోను ఇది మన దేశమునకు వచ్చెను. ఆటస్థలము 32 అడుగుల పొడవును, 21 అడుగుల వెడల్పును గల గది. టెన్నిసు ఆటలోవలె వల యడ్డముగా నుండదు. ఆడువా రెదురెదురుగా నిలువరు. ఇద్దరును ముందుగోడవైపే మొగముంచి, యొకే గదిలో నొకరి ప్రక్క నొకరు మెలగుచు, రాకెట్టుతో బంతిని గోడకు గొట్టవలెను. గోడకు దాకి వచ్చిన బంతి నేలపై రెండవమారు పడకమునుపే రెండవవారు దానిని తిరిగి కొట్టవలెను. ముందుగోడ యడుగున నొక రేకుపట్టీ యుండును. బంతి దానికి దగిలెనా, ఆ మ్రోత విన్న యందరకును దప్పు తెలిసిపోవును. 11 అంకములకు నొక యాట. అయిదింట మూడు గెలిచినవారిది జయము.

బంతి చిన్నది, నల్లని రబ్బరుది, సుమారు రెండు తులముల యెత్తు. దాని గుణము విచిత్రమైనది. చల్లగా నున్నప్పుడు నేలను గొట్టినను పైకి లేవదు. మరల మరల గోడకు గొట్టి కాచినగాని దానికి జీవము రాదు. అందుచే నాటకు ముందు కొంతసేపు బంతిని వేడిచేయుటకే వినియోగింతురు. ఇక ఆట ప్రారంభమైన పిమ్మట గదిలోని మనిషికి విశ్రాంతి యనునది లేదు. వంగవలెను, సాగవలెను, వెనుకకు బరువెత్తవలెను, మరుక్షణమున ముందుగోడ కడకు దూకవలెను. బలముకంటె నూపిరియు, నూపిరికంటె నాలోచనయు ముఖ్యము.

స్త్రీలకు బంతియాట క్రొత్తదికాదు. మన కావ్యములు చదివినవారి కిది తెలియును. దండి దశకుమారచరితమున కందుకావతి యను రాకుమారి యందరియెదుట బంతియాడిన కథ కలదు. కేతన దానిని దెనిగించెను. అయితే కవులు ఆ క్రీడలో జూచినది సొగసు మాత్రమే. గెలుపోటములు పురుషులకు, లాస్యము స్త్రీలకు అను విభాగ మానాడే యేర్పడినట్లున్నది. భారతమున ద్రోణుడు కురుకుమారుల బంతిని నూతినుండి బాణములతో వెలికిదీసిన కథయం దొక యాడుబిడ్డయైనను గనబడదు. స్క్వాష్ చరిత్రమున మాత్రము విపరీతముగా జరిగినది. ఇంగ్లండున జరుగు ప్రఖ్యాతమైన బ్రిటిష్ ఓపెన్ పోటీలు స్త్రీలకు 1922లో నారంభమైనవి. పురుషులకు 1930లో గాని యారంభము కాలేదు. ముందు గదిలో నడుగిడినది స్త్రీయే యైనను, బహుమానములు పంచునపుడు ఆమెను వెనుకకు నెట్టుట ఎట్లు జరిగెనో ముందు చెప్పుదుము.

ఈ యాటలో వంశపారంపర్య మెక్కువ. పెషావరు చెంత నున్న నవాకిల్లె యను గ్రామమునుండి హషీం ఖాను వచ్చి 1951లో బ్రిటిష్ ఓపెన్ గెలిచెను. అతడును, అతని తమ్ముడును, బంధువులును దశాబ్దములపాటు ఆ యాట నేలిరి. ఆ వంశీయుడగు జహంగీర్ ఖాను 1982 మొదలు 1991 వరకు వరుసగా పదిమార్లు దానిని గెలిచెను. అది తండ్రులనుండి కొడుకులకును, అన్నలనుండి తమ్ములకును దిగిన విద్య. దీపిక యింటి సంగతి వేరు. ఆమెకు క్రీడ తల్లినుండి వచ్చెను.

దీపిక 1991వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని చెన్నపట్టణమున నొక మలయాళ క్రైస్తవ కుటుంబమున బుట్టెను. ఆమె తల్లి సుసాన్ ఇట్టిచెరియా. భారత స్త్రీల క్రికెట్టు జట్టు 1976లో వెస్టిండీసుతో మొట్టమొదటి టెస్టు పోటీలాడిన కాలమున బంతి విసరిన వారిలో నామె యొకతె. ఆ కాలపు స్త్రీక్రీడాకారుల యవస్థ నేటివారు నమ్మలేరు. స్త్రీల క్రికెట్టు సంఘము 1973లో బుట్టినది; దానికి ధనము లేదు. దేశముకొరకు నాడు పడతులు రైలులో ముందుగా స్థలము దొరకని పెట్టెలలో బ్రయాణము చేసిరి. సామూహిక వసతిగదులలో నేలపై బండుకొనిరి. తమ పరికరములు తామే మోసికొనిరి. ఆటవలన వారికి దక్కినది ఆట మాత్రమే.

అట్టి తల్లి కడుపున బుట్టిన బిడ్డకు సంక్రమించినదేమి? చేతిబలమా, కంటిచూపా? అవియు గొంత సంక్రమించియుండవచ్చును. కాని మా యభిప్రాయమున నంతకంటె గొప్పది మరియొకటి కలదు. ఆడపిల్ల చెమటపట్టుట యవమానము కాదనియు, ఓడి యింటికి వచ్చుట తప్పు కాదనియు ఆ యింట నెవ్వరును జెప్పనక్కరలేకయే తెలిసియుండెను. మలేషియా దేశపు నికోల్ డేవిడ్ విషయమును నిట్టిదే. 2006 మొదలు 2015 వరకు తొమ్మిదేండ్లపాటు లోకమున బ్రథమస్థానమున నిలిచిన యామె తండ్రి ఫుట్‌బాలు ఆటగాడు, తల్లి యుపాధ్యాయిని. అట్టి యిండ్ల బిడ్డలు మైదానమునకు బోవుటకు ముందుగా ననుమతి వేడవలసిన పనిలేదు. మన యాడుబిడ్డలలో నెందరి కాలము ఆ యనుమతిని సంపాదించుటలోనే గడచిపోవుచున్నదో సోదరీమణులు తలచుకొందురు గాక.

చెన్నపట్టణమున స్క్వాష్ శిక్షణకు మంచి వసతులు గలవు. దీపిక యచ్చటనే పెరిగి, బాలికల పోటీలలో బేరుగాంచి, 2006లో, పదునైదేండ్ల ప్రాయమున, దానిని వృత్తిగా జేపట్టెను. వృత్తిక్రీడ యన నేమో మన పాఠకురాండ్రకు వివరింపవలెను. జీతమిచ్చు యజమాని యుండడు. ఊరూర, దేశదేశమున జరుగు పోటీలకు దమ ఖర్చుతో బోవలెను. గెలిచినకొలది బహుమానము, ఓడిన దారిఖర్చుకైనను చాలదు. ప్రతి గెలుపునకును గొన్ని యంకములు లెక్కించి ప్రపంచమందలి క్రీడాకారులను వరుసలో నిలిపెదరు. ఆ వరుసలో నొక్క మెట్టెక్కుటకు నెలలు పట్టును. దిగుటకు నొక్క గాయము చాలును.

ఆస్ట్రేలియా దేశస్థురాలును, అయిదుమార్లు ప్రపంచవిజేతయు నగు సారా ఫిట్జ్‌జెరాల్డు కడ దీపిక శిక్షణ పొందెను. 2012లో లోకమందలి మొదటి పదిమందిలో జేరెను. అంతకుమున్ను భారతస్త్రీ యొక్కతెయు నా స్థానము ముట్టియుండలేదు. అదే సంవత్సరమున అర్జున పురస్కారమును, 2014లో పద్మశ్రీ బిరుదమును ఆమెకు లభించెను.

2014లో గ్లాస్గో నగరమున కామన్‌వెల్త్ క్రీడలు జరిగెను. స్త్రీల జంటల పోటీలో దీపికకు దోడుగా జోష్న చినప్ప నిలిచెను. ఈమెయు జెన్నపట్టణపు బిడ్డయే. ఈమె యింటను స్క్వాష్ తరతరముల యాట. తుదిపోరున వా రిద్దరును ఆ యాటకు బుట్టినిల్లగు ఇంగ్లండు జంటను 11-6, 11-8 అంకములతో నోడించిరి. కామన్‌వెల్త్ క్రీడలలో స్క్వాష్ విషయమున భారతదేశమునకు వచ్చిన మొట్టమొదటి పతకమది, మొదటిదే స్వర్ణము. ఆ సంవత్సరముననే కొరియా దేశమున ఇంచియాను నగరమందు జరిగిన ఆసియా క్రీడలలో దీపిక యొంటరిపోటీని గాంస్యమును, జట్టుతో రజతమును గైకొనెను.

ఇంతటి కీర్తి గడించిన యీ యువతి తన దేశపు జాతీయపోటీలలో మాత్ర మానాళ్లలో గనబడలేదు. 2011లో జాతీయవిజేత యైన దీపిక 2012 మొదలు 2015 వరకు నాలుగేండ్లు వరుసగా ఆ పోటీలను విడిచిపెట్టెను. కారణ మొక్కటే. ఒకే పోటీ, ఒకే కోర్టు, ఒకే బంతి, ఒకే నియమములు. కాని పురుషవిజేతకు నొక మొత్తమును, స్త్రీవిజేతకు నందు సగమైనను గాని మొత్తమును నిచ్చుచుండిరి. 2015లో నాటి పత్రికలు ప్రకటించిన లెక్క యిది: పురుషునికి 1,20,000 రూపాయలు, స్త్రీకి 50,000 రూపాయలు. సమానముగా నిచ్చువరకు నేనాడనని దీపిక స్పష్టముగా జెప్పెను.

ఇది ధనాశ యని కొందర కనిపింపవచ్చును. విచారించి చూతము. విదేశపు పోటీలలో నామె యార్జింపగల ధనముతో బోల్చిన నీ 70,000 రూపాయల వ్యత్యాస మొక లెక్కలోనిది కాదు. పైపెచ్చు ఆ నాలుగేండ్లలో నామె పోగొట్టుకొన్న జాతీయవిజేత బిరుదమును గొనదగిన ధన మెచ్చటను లేదు. ఆటవారి యౌవనము కొలదికాలమే. అందు నాలుగేండ్లు విడుచుట సామాన్యత్యాగము కాదు. కావున నామె యడిగినది డబ్బు కాదు, తూకము. ఒకే చాకిరికి రెండు తూనికరాళ్లు వాడుట తగదని యామె పలికెను. పొలమున గలుపుతీయు కూలిస్త్రీకి మగకూలికంటె దక్కువ ముట్టజెప్పు నాచారము మన యూళ్లలో నెరుగనివా రెవరు? పద్మశ్రీ పొందిన వనితకును, పొలమున నడుము వంచిన వనితకును న్యాయ మొకే వాకిట నిలిచిపోయినదని మాకు దోచుచున్నది.

ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. దీపిక మానుకొన్న పోటీలలో జోష్న యాడుచునే యుండెను. ఒకతె మానుటచే దన నమ్మకమును జాటెను. మరియొకతె యాడుటచే దన విద్యను నిలుపుకొనెను. ఈ జోష్నయే తరువాత 2019లో పదునేడవ జాతీయవిజయము సాధించి, 1977 నుండి 1992 వరకు వరుసగా పదునారుమార్లు గెలిచిన భువనేశ్వరీకుమారి లెక్కను దాటెను. వేర్వేరు దారులు ద్రొక్కినను ఆ యిద్దరును విదేశమున నొకే కోర్టున జంటగా నిలిచి దేశముకొరకు గెలుచుచునే యుండిరి. అభిప్రాయభేదము వచ్చినంతనే మాటలు మానుకొను మన చుట్టములకును, ఇరుగుపొరుగులకును నిది మంచి పాఠము.

2016లో జాతీయపోటీల బహుమానము స్త్రీపురుషులకు సమానము చేయబడెను. ఆ పోటీలు జరిగిన స్థలము మన రాజమహేంద్రవరమే యని చెప్పుటకు మా కెంతయో యుత్సాహముగా నున్నది. ఏ గోదావరితీరమున నన్నయ భట్టారకుడు కురుకుమారుల బంతికథను దెలుగున బలికెనో, ఆ యూరనే దీపిక మరల నడుగిడి, జోష్ననే తుదిపోరున నెదిరించి, రెండవమారు జాతీయవిజేత యయ్యెను. వేయేండ్లకు ముందు బంతియాటలో జోటులేని యాడుబిడ్డకు ఆ పురమున నిప్పుడు సమానమైన బహుమానము ముట్టెను.

అంతకు ముందటి యేడు, 2015 ఆగస్టులో, దీపికకు క్రికెట్టు ఆటగాడగు దినేశ్ కార్తీకుతో వివాహమయ్యెను. క్రైస్తవపద్ధతిని నొకమారును, వరునివారి తెలుగు హిందూ సంప్రదాయమున నొకమారును వివాహము జరిపిరి. పెండ్లితో నాటలు ముగియు ననుట లోకుల నమ్మకము. కాని 2016 విజయము పెండ్లి తరువాతిదే. 2018లో గోల్డ్‌కోస్టున జరిగిన కామన్‌వెల్త్ క్రీడలలో నామె రెండు రజతములను, జకార్తాలోని ఆసియా క్రీడలలో నొక రజతమును, నొక కాంస్యమును బడసెను. పిమ్మట నామె పోటీలకు దూరమయ్యెను. 2021 అక్టోబరులో గవలలు, ఇద్దరు మగబిడ్డలు, కలిగిరి.

కవలల నెత్తిన తల్లుల కష్టము మేము వేరుగ జెప్పనేల? ఒకరు నిద్రించిన నొకరు మేల్కొందురు. తల్లికి రాత్రి యన నేమో పగలన నేమో తెలియదు. దేహము పూర్వపు బలము నందుటకే నెలలు పట్టును. అట్టి స్థితిలో, బిడ్డలకు నారునెలలైన నిండకమునుపే, 2022 ఏప్రిలున గ్లాస్గోలో జరిగిన ప్రపంచ జంటల పోటీలకు దీపిక వెళ్లెను. స్త్రీపురుషుల మిశ్రమజంటలో సౌరవ్ ఘోషాలుతోను, స్త్రీల జంటలో జోష్నతోను గూడి, యొక్క దినముననే రెండు ప్రపంచవిజయములు సాధించెను. ఈ పోటీలలో నంతకుమున్ను భారతదేశమునకు విజయము లేదు. సౌరవుడు పరాయివాడు కాడు; దీపిక సహోదరికి భర్త. క్రీడాకుటుంబ మన నిట్లుండును!

2023 అక్టోబరు 5వ తేదీని చీనాదేశపు హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడలలో మిశ్రమజంటల తుదిపోరు జరిగెను. దీపికకు దోడు హరీందర్‌పాల్ సింగ్ సంధూ. ఎదుట మలేషియా జంట. రెండాటలును 11-10, 11-10 అంకములతో, అనగా నొక్కొక్క యంకపు తేడాతో, భారతజంట గెలిచి స్వర్ణము గైకొనెను. ఆ యాటను ఆసియా క్రీడలలో బెట్టిన మొదటిసారియే యది. అదే క్రీడలలో స్త్రీల జట్టుతోను ఆమె కాంస్యము నందెను. ఆ జట్టులో దీపిక, జోష్న, తన్వీ ఖన్నాలతో బాటు పదునైదేండ్ల అనాహత్ సింగ్ కూడ నుండెను. కవలల తల్లియు, బడిపిల్లయు నొకే జట్టున నుండుట ఎంత చక్కని దృశ్యము!

ఇదంతయు వినిన పిమ్మట గొందరు సోదరీమణులు, “ఆమెకు గలిగిన యిల్లు గలదు, ఆటనెరిగిన తల్లి గలదు, ఆటనెరిగిన భర్త గలడు. మా కేవి?” యని యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. స్క్వాష్ కోర్టు పెద్దనగరములలో గాని లేదు. శిక్షణకును బ్రయాణములకును ధనము గావలెను. మా పట్టణపు పాఠశాలలో బాలికలకు విశాలమైన యాటస్థలమే లేదు. ఉన్న మైదానము బాలురకే చాలకున్నది. అట్టిచోట బిడ్డలందరును దీపికలు గాగల రని మేము పలుకము.

అయినను దీపికకు లభించినవానిలో ధనముతో గొననక్కరలేనివి కొన్ని కలవు. సాయంకాలమున నొక గంట యాడుటకు విడుపు. ఓడినప్పుడు మందలింపని తల్లి. ఈడేరినంతనే కాళ్లు ముడుచుకొమ్మని చెప్పని యిల్లు. బాలింతయైన కోడలు తిరిగి తన విద్యకు బోయెదనన్న, “బిడ్డలను మేము చూచెదము, పోయిరమ్మ” నగలిగిన పెద్దలు. ఇవి పూరింటనైనను బుట్టగలవు, మేడలోనైనను బుట్టకపోవచ్చును. మనమెవ్వరమైనను, అత్తగానో, అమ్మగానో, అక్కగానో, వీనిని మన యిండ్లలో నియ్యగలవారమే.

మరియొకటియు జెప్పి విరమించెదము. సుసానమ్మ నేలపై బండుకొని యాడిన క్రికెట్టున స్త్రీపురుషులకు సమానమైన వేతన మిచ్చెదమని క్రికెట్టు సంఘమువారు 2022 అక్టోబరులో బ్రకటించిరి. టెస్టు పోటీ యొకదానికి 15 లక్షల రూపాయలు. తల్లి యాటలో సమానత యేర్పడుటకు నలువదియారేండ్లు పట్టెను. కూతురి యాటలో, ఆమె నాలుగేండ్లు పంతముబట్టి కూర్చుండగా, త్వరగా వచ్చెను. 2028లో లాస్ ఏంజెలిస్‌లో జరుగనున్న ఒలింపిక్ క్రీడలలో స్క్వాష్‌నకు మొదటిసారిగా స్థానము లభించినది. అచ్చట నే దేశపు బిడ్డ పతకము గైకొనునో కాలము నిర్ణయించును. మన యిండ్ల యాడుబిడ్డ రేపు సాయంకాలము బంతి చేతబట్టి వాకిలి దాటునో లేదో నిర్ణయింపవలసినది మాత్రము మనమే.